కత్తిరించిన పేపరు

పోయిన నెల హైదరాబాదు ఆఫీసు నుంచి మా సబ్‌ఎడిటర్ ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. ముందు నా మోకాళ్ల నొప్పుల గురించి అడిగి, ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"సార్, మన శీర్షికకి ఉత్తరాలు బాగా తగ్గాయి. ఒకప్పుడు వారానికి సంచీడు వచ్చేవట. ఇప్పుడు గుప్పెడు కూడా రావట్లేదు. ఏదైనా బహుమతి పెడదామా? మీది హిందూపురం, దగ్గర్లోనే ధర్మవరం. నెలకో పట్టుచీర! ఒక ప్రశ్న వేద్దాం, జవాబు రాసినవాళ్ల పేర్లతో లక్కీడిప్ తీద్దాం. ఇక చూస్కోండి సార్, ఉత్తరాలే ఉత్తరాలు."

ఆలోచించి చెబుతానన్నాను. నిజం చెప్పొద్దూ, ఆశ పుట్టింది. రాసేవాడికి ఉత్తరం రాకపోవడమంటే, పెళ్లికి పిలిచి పీటల మీద కూర్చుంటే పందిట్లో ఎవరూ లేనట్టు ఉంటుంది. చీర ఇస్తే జనం వస్తారంటే చీరే ఇద్దాం, పోయేదేముంది అనుకున్నాను. అంతలో మా మేనత్త గుర్తొచ్చింది.

మా అత్తది హిందూపురమే. మామ చింతపండు మండీలో గుమాస్తాగా చేసేవాడు. పొద్దున్నే మండీకి పోయి రాత్రికి వచ్చేవాడు, వచ్చాకే పేపరు చూసేవాడు. ఒక ఏడాది ఒక పత్రిక (పేరెందుకు లెండి) కూపన్ల పథకం పెట్టింది. రోజూ పేపర్లో ఒక మూల చిన్న కూపన్ వస్తుంది. దాన్ని కత్తిరించి కాగితం మీద వరసగా అంటించాలి. మూడు నెలలవి నిండాక ఏజెంటుకిస్తే ప్లాస్టిక్ బక్కెట్టు. మీ ఇళ్లలోనూ ఇలాంటివి జరిగే ఉంటాయి. అన్నం మెతుకులతో కూపన్లు అంటించిన కాగితాలు బీరువాలో చీరల కింద దాచినవాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలో ఎంతమంది లేరు!

అప్పటిదాకా వాళ్లింట్లో పడే పేపరు మాన్పించి అత్త ఆ పేపరు వేయించింది. పేపరు వాకిట్లో పడగానే కత్తెర తీసేది. రాత్రి మామ వచ్చి పేపరు విప్పితే మధ్యలో కిటికీ. ఖర్మ ఏమిటంటే, ఆ కూపన్ వెనకవైపే మార్కెట్ ధరలు పడేవి. "నా చింతపండు రేటు కత్తిరించి బక్కెట్టులో ఏసుకుంటావా?" అని ఆయన, "మండీలో కూర్చునేటోనికి మండీ రేటు పేపర్లో సూడాల్నా?" అని ఆమె. ఆ కిటికీలోంచి ఆయన ఆమెను చూస్తూ కోప్పడటం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

ఒకరోజు వానకు పేపరు తడిసి కూపన్ చిరిగింది. అత్త పక్కింటామెకు రెండు శేర్ల శనక్కాయలిచ్చి ఆ రోజు కూపన్ తెచ్చుకుంది. మొత్తానికి బక్కెట్టు వచ్చింది. ఎర్రది.

సబ్‌ఎడిటర్ ఫోన్ పెట్టేశాక నేను అత్త ఇంటికి పోయి అడిగాను. "అత్తా, ఆ బక్కెట్టు ఎన్నాళ్లొచ్చింది?"

"కాడ ఊడేదాకా వచ్చెనప్పా. బాగనే వచ్చె."

"మరి ఆ పేపరు?"

"పేపరా? బక్కెట్టు వచ్చిన నెలకే మాన్పిస్తిమి కదా! మీ మామ మల్లా పాతదే ఏయించుకొనె."

పత్రికల సర్క్యులేషన్ విభాగాల వాళ్లు లెక్కలు కట్టి, చార్టులు గీసి తెలుసుకునే సంగతి మా అత్త ఒక్క ముక్కలో చెప్పింది.

ఊరికే ఇవ్వడం పత్రికలకు కొత్తేమీ కాదు. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో ఈనాడు మొదలైనప్పుడు మొదటి వారం ఇళ్లకు ఉచితంగా వేశారని చెబుతారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీత సభల్లో అమృతాంజనం ఊరికే పంచిపెట్టేవారు. 1908లో ఆంధ్రపత్రిక మొదలుపెట్టిందీ ఆయనే. అయితే ఈ రెండు చోట్లా ఇచ్చింది బక్కెట్టు కాదు. అమ్మదలచుకున్న సరుకునే రుచి చూపించారు. పేపరు నచ్చినవాడు రేపు కూడా పేపరే అడుగుతాడు. బక్కెట్టు నచ్చినవాడికి పేపరుతో ఏం పని?

మరునాడు ధర్మవరంలో పెళ్లి ఉంటే రైలెక్కాను. హిందూపురం నుంచి ధర్మవరం పోయే దారిలోనే పెనుకొండ. విజయనగరం పాలయ్యాక రాయలవారి వంశం వచ్చి తలదాచుకున్న కొండ. ఇప్పుడు అటువైపు పోతే అందరూ కార్ల ఫ్యాక్టరీ గురించే మాట్లాడతారనుకోండి. అక్కడ నాకు బాగా తెలిసిన రిటైర్డు తెలుగు అయ్యవారు ఒకాయన ఉన్నారు. పెళ్లి మరుసటిరోజు కాబట్టి ఒక పూట పెనుకొండలో దిగి ఆయన ఇంటికి వెళ్లాను.

ఆయన ఇంటి అరుగు మీద పిల్లలకు పుస్తకాలు పెట్టి ఉంచుతారు. పాత చందమామలు, బొమ్మల కథలు, ఎవరో ఇచ్చినవి, ఆయన కొన్నవి. పిల్లలు సాయంత్రం వచ్చి అక్కడే కూర్చుని చదువుకోవాలి, ఇళ్లకు ఇవ్వరు. ఈ బహుమతి గొడవ ఆయన ముందు పెట్టాను. ఆయన నవ్వి, "ఆ ముచ్చట నేను పెన్సిళ్లతో చూసినానప్పా" అన్నారు.

మొదట్లో అరుగు మీదికి ఎనిమిదిమందో పదిమందో పిల్లలు వచ్చేవాళ్లట. ఇంకా రావాలని ఆయన ఒక పథకం వేశారు. పుస్తకం చదివి అందులోంచి అడిగిన ప్రశ్నకు జవాబు చెబితే ఒక పెన్సిలు. వారం తిరిగేసరికి అరుగు చాల్లేదు, పిల్లలు మెట్ల మీద కూడా కూర్చున్నారు. అయ్యవారు పొంగిపోయారు. రెండోవారం చూస్తే అందరూ పలచటి పుస్తకాలే తీస్తున్నారు. మూడోవారం ఒకడు చదవడం, మిగతావాళ్లు వాడి చెవిలో జవాబు అడగడం. నాలుగో నెలలో పెన్సిళ్లకు డబ్బుల్లేక ఆపేశారు.

"మళ్లా మొదటి పదిమందే మిగిలినారా?" అన్నాను.

"అదే కదా చెప్పేది. ఆ పదిమందీ రాలే. అంతకుముందు ఊరికే చదువుకునే పిల్లోళ్లు, 'పెన్సిలు లేదా సారూ?' అని అడిగి వెనక్కి పోయినారు. అది నాకు కడుపులో దేవినట్లయింది."

అయ్యవారికి తెలియదు గానీ, ఇదే సంగతిని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి 1973లో అచ్చువేశారు. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు. బొమ్మలు గీయడం ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే బంగారు ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి, వేశాక ఇచ్చారు. కొందరికి ముందు చెప్పకుండా వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత తరగతిలో రంగు పెన్నులు ఊరికే పెట్టి గమనిస్తే, ముందే బహుమతి ఆశ చూపించిన పిల్లలు బొమ్మల మీద గడిపిన సమయం మిగతావాళ్లు గడిపిన దాంట్లో దాదాపు సగమే. చెప్పకుండా ఇచ్చిన పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. ఇది చదివినప్పుడు నమ్మలేదు గానీ, పెనుకొండ అరుగు మీద కూర్చుని వింటే నమ్మబుద్ధేసింది.

ఇప్పుడు అయ్యవారి అరుగు మీద పెన్సిళ్లు లేవు. ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉంది. పుస్తకం చదివిన పిల్లలు అందులో తమ పేరు, తరగతి, ఆ పుస్తకం గురించి ఒక వాక్యం రాస్తారు. ఆదివారం పొద్దున అయ్యవారు ఆ వాక్యాలు పేర్లతో సహా బిగ్గరగా చదువుతారు. అంతే. నేను తిరగేస్తే ఒక వాక్యం ఇలా ఉంది: 'ఈ కథలో దయ్యం మంచిది, మా మామ కన్నా.' రాసినది నాలుగో తరగతి పాప. పేరు చెప్పను, ఆ మామ కూడా పేపరు చదువుతాడేమో.

"పిల్లలు వస్తున్నారా?" అంటే, "ఆదివారం నా నోట వాళ్ల పేరు వినడానికి వస్తారప్పా. కొందరు వాళ్ల అవ్వల్ని కూడా తోడుకొస్తారు" అన్నారు.

ఆ అరుగు మీద పాత చందమామ ఒకటి తిరగేస్తుంటే ఫోటో వ్యాఖ్యల పోటీ కనబడింది. మీలో నలభై దాటినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండు ఫోటోలు వేసేవాళ్లు. రెండింటికీ రెండు చిన్న వ్యాఖ్యలు రాయాలి, అవి ఒకదానికొకటి జోడీగా అతకాలి. కార్డు మీద రాసి మద్రాసు పంపాలి. పాత రోజుల్లో బహుమతి పది రూపాయలు. మా తరగతిలో అందరం రాసేవాళ్లం. పది రూపాయలొస్తే ఏం కొనాలో మాట్లాడుకున్న గుర్తు నాకొక్కటీ లేదు. ఫోటో కింద మన పేరు, పక్కన 'హిందూపురం' అని అచ్చులో పడితే ఎలా ఉంటుందో మాత్రం ఎన్నిసార్లు ఊహించుకున్నామో! ఎప్పుడూ పడలేదు. అయినా నెల నెలా రాశాం.

రేడియోలో ఈ పేరు మహిమ ఇంకా పెద్దగా తెలిసింది. 1952 డిసెంబరులో రేడియో సిలోన్లో బినాకా గీత్‌మాలా మొదలైంది. అమీన్ సయానీ గొంతు. మొదట అది ఒక పోటీ. ఏడు పాటలు కలగాపులగంగా వేసేవారు, ఏది ఎక్కువ జనాదరణ పొందిందో శ్రోతలు వరస రాసి పంపాలి. బహుమతి వంద రూపాయలు. తొలి కార్యక్రమానికే 9,000 ఉత్తరాలు వచ్చాయట. ఏడాదిలో అవి వారానికి 65,000కు చేరాయి. సరిచూడటానికి మనుషులు చాలక తలలు పట్టుకున్నారు. 1954లో వంద రూపాయల పోటీ తీసేసి, పాటల వరస తామే చెప్పడం మొదలుపెట్టారు. బహుమతి పోయిందని జనం రేడియో కట్టేశారా? లేదు సరికదా, దశాబ్దాల తరబడి బుధవారం రాత్రి దేశమంతా ఆ కార్యక్రమం ముందే కూర్చుంది.

ఝుమ్రీ తలైయా పేరు విన్నారా? అప్పటి బీహారులో, ఇప్పటి జార్ఖండ్‌లో, అభ్రకం గనుల ఊరు. సినిమా పాటలు కోరుతూ రేడియోకు ఆ ఊరివాళ్లు రాసినన్ని కార్డులు ఇంకెవరూ రాయలేదని పేరు. కోరిన పాట వేస్తే ఏమొస్తుంది? పాట అందరిదీ. పేరొక్కటే తమది. ఫలానావారు, ఝుమ్రీ తలైయా నుంచి అని అనౌన్సరు అంటే, ఆ చిన్న ఊరు ఒక్క క్షణం దేశమంతటికీ వినబడేది. మనవైపు కూడా సాయంత్రం రేడియో పక్కన చెవి పెట్టుకుని, 'ధర్మవరం నుంచి' అన్న మాట కోసం ఎదురుచూసిన ఇళ్లు లేకపోలేదు.

బహుమతి పెడితే ఉత్తరాలు రావని నేననను. వస్తాయి, వరదలా వస్తాయి. దూరదర్శన్‌లో సురభి కార్యక్రమం గుర్తుందా? సిద్ధార్థ్ కక్, రేణుకా సహానే. వారం వారం ప్రశ్న అడిగేవారు, గెలిచినవాళ్లను యాత్రకు పంపేవారు. 1993లో ఒకే వారంలో 14 లక్షల కార్డులు వచ్చి లిమ్కా రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. పదిహేను పైసల కార్డు మీద తపాలా శాఖకు గిట్టుబాటు కాక, పోటీలకు విడిగా రెండు రూపాయల కార్డు తెచ్చింది. అదే కాంపిటీషన్ పోస్టుకార్డు. తర్వాత దాని ధర పది రూపాయలైంది. ఒక టీవీ ప్రశ్న తపాలా శాఖ చేత కొత్త కార్డు పుట్టించిందంటే చూడండి.

వరదతో పాటు బురద కూడా వస్తుంది. 1950లలో బహుమతుల పదబంధాల పిచ్చి ఇలాగే ముదిరింది. శ్రీశ్రీ, ఆరుద్ర లాంటివాళ్లు తెలుగులో కూర్చిన గళ్ల నుడికట్లు వేరు, అవి బుర్రకు పదును. నేను చెప్పేవి ప్రవేశ రుసుము కట్టించుకుని వేల రూపాయలు ఆశ చూపినవి. వాటి కిటుకు తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది. ఆధారం: 'ఇది లేని ఇల్లు వెలవెలబోతుంది'. గడుల్లో మొదటి అక్షరం ఖాళీ, రెండోది 'ట'. పంట అని రాయొచ్చు, వంట అని రాయొచ్చు, జంట అన్నా తప్పేం లేదు. ఏది ఒప్పు? సీలు వేసిన కవరులో ఏది ఉంటే అది. పండితుడికీ పామరుడికీ ఒకటే గతి. కాబట్టి ఒకడే పది ఫారాలు, ఇరవై ఫారాలు నింపి, ఒక్కోదానికీ రుసుము కట్టేవాడు.

మనకు పొరుగునే ఉన్న బెంగుళూరు నుంచి 'స్పోర్టింగ్ స్టార్' అనే పత్రిక వచ్చేది. ఆర్.ఎం.డి.సి. అనే సంస్థ పదబంధాల పోటీలు అందులో పడేవి. బొంబాయి రాష్ట్రంలో దానికి చాలామంది పాఠకులు. అక్కడి ప్రభుత్వం పన్ను వేస్తే సంస్థ కోర్టుకెక్కింది. ఈలోగా రాష్ట్రాలు కోరిన మీదట 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టం చేసింది. కోరిన రాష్ట్రాల్లో ఆంధ్ర, హైదరాబాదు కూడా ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం ఇలాంటి పోటీల్లో నెల మొత్తం బహుమతుల విలువ వెయ్యి రూపాయలు దాటకూడదు, వచ్చే ఫారాలు రెండు వేలు దాటకూడదు, లైసెన్సు ఉండాలి. ఈ వ్యవహారంలో 1957 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇప్పటికీ న్యాయవాదులు ఉటంకిస్తారు. నైపుణ్యంతో గెలిచే పోటీ వేరు, అదృష్టం మీద నడిచేది వేరు. రెండోది జూదం. జూదాన్ని వ్యాపారమని చెప్పి రాజ్యాంగ రక్షణ అడగడానికి వీల్లేదు.

చట్టాలు ఇలా ఎన్ని చెప్పినా, మోసపోయినవాడి మొహం చూస్తే గానీ అసలు నష్టం అర్థం కాదు. నేను చూసిన మొహం మా చిన్నాయనది.

చిన్నాయన ధర్మవరంలో నేతగాడు. ఆ పెళ్లి వాళ్ల మనవరాలిదే. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని జరీ అంచు వేస్తూ కూడా పక్కన పేపరు పెట్టుకునే మనిషి. చదవడమే కాదు, రాసేవాడు కూడా. రేషము ధర పెరిగిందని, కూలి పెంచలేదని, వీధి కొళాయికి నీళ్లు రావట్లేదని పత్రికలకు కార్డులు రాసేవాడు. రెండు మూడు అచ్చయ్యాయి కూడా. అవి కత్తిరించి దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు.

1970ల చివర్లో ఒక పత్రికలో ఒక ప్రకటన చూశాడు. మూడు మూళ్ల తొమ్మిది గళ్లు. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేయాలి. అడ్డంగా, నిలువుగా, మూలగా ఎటు కూడినా పదిహేను రావాలి. సరిగ్గా చేసినవారికి ట్రాన్సిస్టర్ రేడియో. మధ్య గడిలో ఐదు వేస్తే మిగతావి వాటంతటవే పడే లెక్క అది. చిన్నాయన చేశాడు, పంపాడు. రంగుల ఉత్తరం వచ్చింది: 'అభినందనలు! మీరు విజేత. మూడు వందల యాభై రూపాయల రేడియో మీకు కేవలం ఖర్చుల కింద తొంభై ఐదు రూపాయలకే. వి.పి.పి. విడిపించుకోండి.'

ఇంట్లో చెప్పకుండా డబ్బు కూడబెట్టాడు. పోస్టుమ్యాన్ వస్తే వీధి వీధంతా మూగింది. డబ్బు కట్టాక గానీ పెట్టె విప్పనివ్వరు కదా. విప్పితే పాత కాగితాల మధ్య ఇటుక ముక్క.

వీధిలో వాళ్లు చాలా ఏళ్లు ఆయన్ని 'రేడియో' అనే పిలిచారు. డబ్బు పోయినందుకు చిన్నమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు మామూలైపోయింది. అది కాదు నన్ను బాధపెట్టేది. ఆ తర్వాత చిన్నాయన ఏ పత్రికకూ ఒక్క కార్డు రాయలేదు. "పేపరోళ్లు ఏసినదే కదప్పా ఆ ప్రకటన" అనేవాడు. నేతన్నల కష్టం రాసే ఒక మంచి చేయి అలా ఆగిపోయింది. ఇటుక పంపినవాడికి తొంభై ఐదు రూపాయలు దక్కాయి. ఆ ప్రకటన వేసుకున్న పత్రిక ఏం పోగొట్టుకుందో దానికి తెలియనే తెలియదు.

ఇప్పుడు చట్టం కొంత మెరుగు. ఊరికే ఇస్తామని చెప్పి ధరలో కలిపి లాగడం, ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడం అనుచిత వ్యాపార పద్ధతులు. 2002 సవరణతో ఇంకో మంచి మాట చేరింది, 2019 చట్టంలోనూ ఉంది. పోటీ పెట్టి, పాల్గొన్నవాళ్లకు తుది ఫలితాలు చెప్పకుండా దాచడం కూడా తప్పే. ప్రకటన ఏ పత్రికలో వేశారో అదే పత్రికలో, సహేతుకమైన సమయంలో, కంటికి కనబడేలా ఫలితాలు వేస్తే చెప్పినట్టు లెక్క. ఎవరికి వచ్చిందో తెలుసుకునే హక్కు రానివాడికే ఎక్కువ అవసరం. 2007లో కోటి రూపాయల టీవీ ఆట చూస్తూ ప్రేక్షకులు ఎస్సెమ్మెస్సులు పంపే పోటీ ఒకటి నడిచింది. ఒక్కో మెసేజికి రెండు రూపాయల నలభై పైసలు. బహుమతి డబ్బు మెసేజిల ఆదాయంలోంచే ఇస్తున్నారని ఒక స్వచ్ఛంద సంస్థ ఫిర్యాదు చేస్తే, జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో కోటి రూపాయల జరిమానా వేసింది. తగిన ఆధారాలు లేవని సుప్రీంకోర్టు 2019లో దాన్ని కొట్టేసింది. కోర్టు మాట కోర్టుది. మెసేజి పంపిన లక్షలాది మందిలో గెలవనివాళ్లకు ఆ ఆట లెక్క ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా అన్నది నా సందేహం.

పెళ్లి ఇంట్లో భోజనాలయ్యాక చిన్నాయన పక్కన కూర్చున్నాను. ఎనభై దగ్గర పడుతున్నాయి, చూపు తగ్గింది, మగ్గం ఎప్పుడో దిగాడు. జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చాడు. "ఇది సూడప్పా, నాకు ఇరవై అయిదు లచ్చలు వచ్చినాయంట."

వాట్సాప్‌లో గొంతు సందేశం. పక్కన టీవీ ఆట బొమ్మ, ఒక ధ్రువపత్రం లాంటిది. మీ నంబరుకు లాటరీ తగిలింది, ముందు పన్ను కట్టాలి, ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఇలాంటివి దేశమంతా తిరుగుతున్నాయి, పోలీసులు ఎన్నిసార్లో హెచ్చరించారు. మీకు వచ్చినా ఒక్క పైసా కట్టకండి. కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

"చిన్నాయనా, డబ్బు కట్టలేదు కదా?" అన్నాను గుండె దడదడలాడుతుంటే.

ఆయన బోసినోరు విప్పి నవ్వాడు. "యాడ కట్టేది? ఇది గూడా ఎటు కూడినా పదహైదే కదప్పా!"

నేను సబ్‌ఎడిటర్ సంగతి, పట్టుచీర సంగతి చెప్పాను. జీవితమంతా పట్టుచీరలు నేసిన మనిషి ఏమంటాడోనని. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చీర ఎవరు నేసినది ఇస్తారు?" అని అడిగాడు. నేను నీళ్లు నమిలాను. ధర్మవరం పేరుతో మరమగ్గం చీరలు ఎన్ని అమ్ముతున్నారో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. "కొనేకాడ సరింగా సూసుకోండ్రి. మగ్గం చీర అని రాసి మరమగ్గం చీర ఇచ్చినారంటే అది గూడా ఇటుకరాయే."

సాయంత్రం ధర్మవరం స్టేషన్ నుంచే హైదరాబాదుకు ఫోన్ చేశాను. చీర వద్దన్నాను. కుర్రాడు డీలా పడ్డాడు. బదులుగా నాకు కావలసినవి అడిగాను. ఈ శీర్షిక కింద నెలకొకసారి ఒక పావు పేజీ పాఠకుల ఉత్తరాలకు, పేరూ ఊరూ పూర్తిగా వేస్తూ. అచ్చు కాని ప్రతి ఉత్తరానికీ నా చేత్తో నేను రాసే జవాబు. ఎప్పుడైనా ఒక ఉత్తరం బాగా నచ్చితే, రాసినవారికి ముందు చెప్పకుండా ఒక పుస్తకం పంపడం, ఎవరికి పంపామో మరుసటి నెల ఇదే పేజీలో వేయడం. "ముందు చెప్పకపోతే ఎవరు రాస్తారు సార్?" అన్నాడు. పెనుకొండ అరుగు గురించి చెప్పాను. సగం నమ్మాడనుకుంటా. పావు పేజీ కాదు గానీ, రెండు కాలమ్‌ల చోటు ఇప్పిస్తానన్నాడు. ప్రకటనలు ఎక్కువైతే అదీ పోతుందని మీకు ముందే చెబుతున్నాను.

కాబట్టి రాయండి. మీ ఇంట్లో కూపన్లతో, పోటీలతో, లక్కీడిప్పులతో జరిగిన కథ ఏదైనా సరే. వచ్చిన బహుమతి, రాని బహుమతి, దాని కోసం ఇంట్లో పడిన తగాదా. మా అత్త బక్కెట్టు లాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూద్దాం.

మొదటి ఉత్తరం ఇప్పటికే వచ్చింది. నేను ధర్మవరంలో బయల్దేరేముందు చిన్నాయన మనవడి చేత ఒక కార్డు తెప్పించాడు. తను చెబుతుంటే నన్ను రాయమన్నాడు. రేషము ధర గురించి, చేనేత అని చెప్పి మరమగ్గం సరుకు అమ్మేవాళ్ల గురించి, ఏడు వాక్యాలు. సంతకం తనే చేస్తానని కార్డు తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వణుకుతున్న చేత్తో పేరు రాశాడు. దాని కింద 'ధర్మవరం' అని ఇంకాస్త పెద్దగా రాశాడు.

"పేరు తప్పు పడనియ్యొద్దు, ఏం?" అన్నాడు.